కారు నెత్తిన అరటి గెల

గోదావరి జిల్లాలకు కారులో వెళ్ళే వాళ్ళకు నేనిచ్చే సలహా ఒక్కటే. కారు నెత్తిన క్యారియర్ ఉంటే ఇంటి దగ్గరే విప్పేసి వెళ్ళండి. ఖాళీ క్యారియర్‌ని చూస్తే అక్కడి వాళ్ళ ప్రాణం ఒప్పదు. ఆ సంగతి తెలియక నేను దాన్ని బిగించుకుని మరీ వెళ్ళాను.

మాది అనంతపురం. పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ విద్యార్థులకు డ్రాయింగ్ చెబుతాను. మా ఆయనది కోనసీమ. తొంభైల చివర్లో ఒక మే నెలలో మా ఆడపడుచు సుజాతను కాకినాడ తీసుకెళ్ళే పని పడింది. సుజాత అత్తవారిది అయినవిల్లి పక్కన చిన్న ఊరు. బీఎడ్ చేసి, ఏళ్ళ తరబడి ప్రైవేటు స్కూల్లో గొంతు అరగదీసుకుని, చివరికి ప్రభుత్వ టీచరు పరీక్ష గట్టెక్కింది. చెప్పిన రోజు పొద్దున్న పదింటికి కాకినాడలో సర్టిఫికెట్లతో హాజరైతే పోస్టింగు ఇస్తారు. లేకపోతే పేరు కొట్టేసి తర్వాతి వాళ్ళను పిలుస్తారు. వయసు పరిమితి దాటిపోతోంది కనుక ఆమెకు మరో పరీక్ష లేదు. భర్త కొబ్బరి వ్యాపారం మీద ఒరిస్సా వైపు వెళ్ళాడు. "మీరొస్తే నాకు ధైర్యం వదినా" అని ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసింది. మా చిన్న ఎర్రకారు వేసుకుని బయల్దేరాం. నడిపేది నేనే. మా ఆయనకు డ్రైవింగ్ రాదు, సలహాలివ్వడం మాత్రం బాగా వచ్చు.

గాలితో నాకు చిన్నప్పటి నుంచి వైరం. మా ఊళ్ళో ఆషాఢం గాలికి ఎదురు సైకిలు తొక్కుకుంటూ కాలేజీకి వెళ్ళేదాన్ని. నిటారుగా కూర్చుంటే సైకిలు కదిలేది కాదు. హ్యాండిల్ మీదికి వంగితే కదిలేది. కారు ఆకారం గురించి నేను పిల్లలకు చెప్పే పాఠమంతా ఆ వంగడంలోనే ఉంది. పాతకాలం కార్ల అద్దాలు గోడల్లా నిలబడి ఉండేవి. ఇప్పటి కార్ల ముక్కు కిందికి వాలి ఉంటుంది, ముందు అద్దం వెనక్కి ఒరిగి ఉంటుంది. అది అందం కోసం కాదు, గాలిని కోపం రాకుండా పక్కకు తప్పించడం కోసం. నెమ్మదిగా పోయినంతసేపూ గాలి మనల్ని పట్టించుకోదు. వేగం రెట్టింపు చేశామా, దాని అడ్డు నాలుగింతలవుతుంది. ఆ అడ్డును తోసుకుంటూ పోవడానికయ్యే ఖర్చంతా ట్యాంకులోంచే.

ఇంత తెలిసిన దాన్ని, నెత్తిన క్యారియర్‌తో వెళ్ళాను. పెట్టెలు పెట్టుకోవచ్చు కదా అన్న మా ఆయన సలహా అది.

కడియం

చుట్టు దారైనా రాజమండ్రి మీదుగా వచ్చి కడియంలో ఆగాం. సత్తిరాజు గారు మా ఆయనకు బాబాయి, నాకు చిన్నమామయ్య. ఆయనకు నర్సరీ ఉంది. మా అనంతపురంలో ఒక మొక్క బతికితే వీధి వీధంతా వచ్చి చూస్తారు. ఇక్కడ కనుచూపు మేర మొక్కలే, అవి కూడా అమ్మకానికి. నాకు కొంచెం అసూయ కలిగిన మాట నిజం.

మేం వెళ్ళేసరికి హిందూపురం వైపు వెళ్ళే లారీకి మొక్కలు ఎక్కిస్తున్నారు. కుండీలు కుదురుగా పేర్చి, తడిపిన గోనెపట్టాలు కప్పి, ముందువైపు టార్పాలిన్‌ని గుండ్రంగా లాగి కడుతున్నారు.

"ఎండ కన్నా గాలి చెడ్డదమ్మా" అన్నారు చిన్నమామయ్య. "రెండు రోజులు గాలి కొట్టిందంటే ఆకు మాడిపోద్ది. అందుకే మూతి గుండ్రంగా కట్టిస్తాం. అవునూ, మా లారీలు మీ ఊరి మీంచే పోతాయి తెలుసా?"

"మా ఇల్లు హైవే పక్కనేనండి" అన్నాను గొప్పగా.

ఆయన చూపు మా కారు పైకి వెళ్ళింది. "ఇదేంటీ, అంత దూరం నుంచి ఖాళీ బండేసుకొచ్చారు?"

వద్దు అని నేననే లోపల రెండు కొబ్బరి మొక్కలు, ఒక సపోటా అంటు క్యారియర్ ఎక్కేశాయి. లారీ మొక్కలకు దొరికిన మర్యాద వీటికి దొరకలేదు. నిలువుగా, జెండాల్లా నిలబడ్డాయి.

జొన్నాడ దగ్గర గౌతమి వంతెన ఎక్కాం. నది మీద గాలి పక్కనుంచి కొట్టింది. కారు ఒక పక్కకు జరిగింది, స్టీరింగ్ గట్టిగా పట్టుకోవాల్సి వచ్చింది. క్యారియర్ కడ్డీలు ఈల వేయడం మొదలుపెట్టాయి. మా ఆయనకు ఆ ఈల సరదాగా అనిపించింది.

"పాట పాడుతోందోయ్ నీ కారు."

"ఆ పాడేది మన పెట్రోలండీ" అన్నాను.

రావులపాలెం

వంతెన దిగితే రావులపాలెం. రోడ్డుకు రెండు వైపులా అరటి గెలలు. మా ఊళ్ళో అరటిపండ్లు డజను లెక్కన, బేరమాడి కొంటాం. అక్కడ గెల భుజాన వేసుకుని మనుషులు పరుగెడుతున్నారు. మా ఆయన చిన్ననాటి స్నేహితుడొకాయన రోడ్డుకు అడ్డంగా నిలబడి కారు ఆపేశాడు. గెల ఎంతండీ అని అడగడం నా పొరపాటు.

"చెల్లెమ్మా, ధర అడుగుతున్నారా?" అని ఆయన మొహం చిన్నబుచ్చుకుని, ఒకటి కాదు రెండు గెలలు ఎక్కించాడు. అడిగేదాకా అమ్మైనా పెట్టదంటారు మా వైపు. ఇక్కడ అడిగినందుకు రెండింతలు పెట్టారు.

అక్కడి బంకులో చాంతాడంత వరసుంది. ఆర్టీసీ సమ్మె మొదలైందనీ, ఉన్న జీపులూ కార్లూ అన్నీ రోడ్డెక్కాయనీ, అందుకే ఇంత రద్దీ అనీ ఎవరో అన్నారు. విజయవాడలో పోయించుకున్నది ఇంకా ఉంది. "అమలాపురంలో పోయించుకుందాంలే" అన్నారు మా ఆయన. ఆ ప్రయాణంలో వినకూడని రెండో సలహా అది.

దారిలో కొత్తపేటలో వాళ్ళ పెద్దమ్మ గారు కొబ్బరికాయల బస్తా, పనసకాయ పెట్టించారు. తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు అందరూ తలా ఒకటి వేశారు. ఊరు చేరేసరికి మా కారు సంతకు పోయే ఎడ్లబండిలా ఉంది. పెట్రోలు ముల్లు నేననుకున్న దానికన్నా బాగా కిందికి వాలి ఉంది.

వెంకాయమ్మ గారి వాకిలి

సుజాత అత్తగారు వెంకాయమ్మ గారు. పొడవాటి మనిషి, గట్టి గొంతు. ఊళ్ళోకి ఎవరొచ్చినా ఆవిడ చేతి భోజనం చేయకుండా పోలేరట. మాకు పనసపొట్టు కూర ఆవ పెట్టి వండారు. మామిడికాయ పప్పు, గడ్డ పెరుగు, ఆపైన ముంజలు. రాగి సంగటికీ చెనిక్కాయల ఊరిబిండి పచ్చడికీ అలవాటు పడ్డ నా నోరు రెండో విస్తరి అడిగింది. వేసవికని ఊరి కాలువకు నీళ్ళు ఆపేశారు గానీ, అడుగున మిగిలిన నీళ్ళే మా ఊరి చెరువుకు ఎక్కువ.

మర్నాడు మా ఆయన సైకిలు మీద అమలాపురం వెళ్ళి వచ్చారు. బంకులన్నిటికీ తాళ్ళు అడ్డం కట్టి ఉన్నాయట. సమ్మె దెబ్బకు ఉన్నదంతా అయిపోయింది, మళ్ళీ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలీదు. ఊళ్ళో స్కూటర్లు కూడా అప్పటికే పడుకున్నాయి. కోనసీమకు రైలు లేదు. సుజాత కాకినాడలో ఉండాల్సింది ఆ మరుసటి పొద్దున్నే.

"భయమెందుకు?" అన్నారు మా ఆయన. "ముక్తేశ్వరం రేవులో కారుని నది దాటించే పంటు మీద ఎక్కిస్తే కోటిపల్లిలో దిగుతాం. అక్కణ్ణుంచి కాకినాడ ఎంత దూరం? ఉన్న పెట్రోలు చాలు."

చాలుతుంది, నిజమే. కానీ నాకు మనసు కుదుటపడలేదు. సుజాత తన సర్టిఫికెట్ల ఫైలు తీసి చూడడం, మళ్ళీ పెట్టడం, మళ్ళీ తీయడం చూశాను. ఆ అమ్మాయి ఇన్నేళ్ళ కష్టం ఒక ముల్లు మీద ఆధారపడి ఉంది. నా చేతిలో ఉన్నది ఏ ఒక్కటీ వదిలిపెట్టకూడదనుకున్నాను. టైర్లలో గాలి కొట్టించాను. పానా తీసుకుని క్యారియర్ నట్లు విప్పడం మొదలుపెట్టాను.

వెంకాయమ్మ గారు గుమ్మంలోంచి చూశారు. "అదేంటమ్మాయ్, విప్పేస్తున్నావ్? రేపు నేను పెట్టేవి ఎక్కడ పెట్టుకెళ్తావ్?"

"రేపు ఏమీ వద్దండి పిన్నిగారూ. ఉన్నవి కూడా ఇక్కడే దించేస్తున్నాను."

ఆవిడ మొహం మారిపోయింది. "నలుగురూ ఇచ్చినవి మా ఇంట్లో దించేసి, ఖాళీ బండితో నా గడప దాటతావా? ఊళ్ళో నేను తలెత్తుకోవద్దా?"

నేను వాకిట్లో ముగ్గుడబ్బా తీసుకుని నేల మీద కారు బొమ్మ గీశాను. పైనుంచి గాలి ఎలా జారిపోతుందో గీతలు గీశాను. కారు నెత్తిన ఒక డబ్బా గీసి, గాలి దానికి గుద్దుకుని ఎలా చెదిరిపోతుందో, వెనకాల ఎలా సుళ్ళు తిరుగుతూ బండిని వెనక్కి లాగుతుందో చూపించాను. బరువు కన్నా ఆ ఎత్తే మన పెట్రోలు తాగేస్తుందన్నాను. ఆ పక్కన గాలికి నచ్చే ఆకారం కూడా గీశాను. ముందు గుండ్రంగా, వెనక్కి పోయేకొద్దీ సన్నగా. ఏ కారుకైనా అలాంటి తోక ఉండాలనే డిజైన్ చేసేవాళ్ళకు ఆశ. అంత పొడుగు తోకతో వీధిలో బండి తిప్పలేం కనుక దాన్ని కోసేస్తారు.

ఆవిడ చాలాసేపు వంగి చూశారు. "ఇది పులస చేపలా ఉందే."

"అచ్చం పులసేనండి. వరదకి ఎదురీదాలి కదా."

"నిజమేలే. నెత్తిన గెల పెట్టుకుని పులస ఎదురీదలేదు" అన్నారు. అని కూడా అక్కణ్ణుంచి కదల్లేదు. "అయినా ఖాళీగా..."

"ఖాళీగా కాదండి. మీ కోడల్ని తీసుకెళ్తున్నాను."

ఆవిడ లోపలికి వెళ్ళి ఇత్తడి చెంబుతో మజ్జిగ తెచ్చి నా చేతికిచ్చారు. కళ్ళలో బాధ మాత్రం అలాగే ఉంది. నాకూ బాధేసింది. కానీ నట్లు విప్పడం ఆపలేదు.

ముక్తేశ్వరం రేవు

తెల్లవారుతూనే రేవులో ఉన్నాం. అవతల గట్టు మీద కోటిపల్లి కనబడుతోంది. ఇవతల పంటు ఇసకలో నోరు తెరుచుకుని పడుంది, పక్కన దాన్ని నడిపే సరంగు బీడీ కాలుస్తున్నాడు.

"పంటు ఎన్నింటికండీ?" అన్నారు మా ఆయన.

"లేదండి. ఇంజనులో డీజిలు లేదు. నిన్న సాయంత్రం నుంచీ ఇదే వరస."

పడవ ఉంది గానీ కారు ఎక్కదు. మనుషులు దాటినా అవతల బస్సు లేదు, జీపు లేదు. మా ఆయన ఇసకలో కూలబడ్డారు. సుజాత ఏడవలేదు. ఫైలును గుండెకు హత్తుకుని నదివైపు చూస్తూ నిలబడింది. ఏడ్చి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

"సుజాతా, కారెక్కు. వంతెన మీదుగా పోదాం."

"పెట్రోలు చాలదు వదినా."

"చాలేట్టు నడుపుతాను."

"మొండివాడు రాజు కన్నా బలవంతుడని ఊరికే అన్లేదు" అని గొణుక్కుంటూ మా ఆయన లేచారు. సరంగు దగ్గరికొచ్చి, బొండాలు నాలుగు కొట్టించి పైన కట్టమంటారా అండి అని అడిగాడు. క్యారియర్ లేని కారు పైకప్పు నిమిరి, ఇదేంటి, కట్టడానికి ఏమీ లేదే అని బాధపడ్డాడు. అంత దిగుల్లోనూ నాకు నవ్వొచ్చింది. ఒక్కో బొండం అక్కడే తాగేసి కదిలాం.

వంతెన మీదుగా

ఇక నా లెక్క నేను వేసుకోవాలి. నలభైలో పోతే పెట్రోలు మిగులుతుంది, పదింటికి చేరం. తొంభైలో పోతే టైముకు చేరతాం, కానీ మధ్యలోనే ఆగిపోతాం. ఈ రెంటి మధ్యలో, టైముకు చేర్చే వేగాల్లో అన్నిటికన్నా తక్కువది పట్టుకోవాలి. గట్టు రోడ్ల మీద ఎలాగూ నలభై దాటలేం, హైవే ఎక్కాక వేగం ముల్లును అరవై దాటనిచ్చాను, డెబ్భై చేరనివ్వలేదు. అద్దాలన్నీ ఎత్తేయమన్నాను. తెరిచిన కిటికీలో గాలి దూరితే అదీ ఒక బ్రేకే. ఆ వేగంలో దానివల్ల మిగిలేది కొంచెమే, కానీ ఆ కొంచెం కూడా నాకు కావాలి.

మే నెల, కోనసీమ ఉక్క, ఏసీ లేని కారు. ముగ్గురం ఆవిరి కుడుముల్లా ఉడికిపోయాం. మా ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ ఒక్క అంగుళం దించుకుంటానని బతిమాలారు. వద్దన్నాను. వెనక సీట్లో సుజాత కొంగుతో ఫైలుకు విసురుతోంది, చెమటకు కాగితాలు తడుస్తాయేమోనని.

గౌతమి వంతెన మళ్ళీ వచ్చింది. అదే నది, అదే పక్కగాలి. కారు ఈసారి జరగలేదు. ఈల లేదు. ఆ నిశ్శబ్దం విని నాకు కాస్త ధైర్యం వచ్చింది.

మండపేట వైపు తిరిగాం. బస్సుల్లేవు కనుక రోడ్డు ఖాళీగా ఉంది. సమ్మె చేసిన మేలు అదొక్కటే. మా ముందు గడ్డి లారీ ఒకటి పోతోంది.

"దాని వెనకే అతుక్కుని పో. గాలి సంగతి అదే చూసుకుంటుంది" అన్నారు మా ఆయన. ఆయన ఇచ్చిన సలహాల్లో సైన్సున్నది ఇదొక్కటే. పెద్ద బండి వెనక గాలి పలచగా ఉంటుంది, నిజమే. కానీ అంత దగ్గరగా పోతే, అది బ్రేకు వేసిందంటే మనం గడ్డిలో ఉంటాం. పెట్రోలు పొదుపుకు కూడా ఒక హద్దుందని చెప్పి లారీని దాటేశాను.

బ్రేకు వేయాల్సిన అవసరం రాకుండా దూరం నుంచే చూసుకుంటూ నడిపాను. గేదెలు కనబడితే ముందే కాలు తీసేశాను. రామచంద్రపురం దాటేసరికి ముల్లు అడుగు గీత మీద పడుకుంది. అక్కడ టీ కొట్టు దగ్గర ఎవరో పెద్దాయన చెయ్యెత్తి ఆపబోయారు. ఎవరి తాలూకో, ఏం పెడదామనో! నేను ఆపలేదు. దండం పెట్టి వచ్చేశాను. ఆ తర్వాతంతా ముగ్గురం ఇంజను చప్పుడే వింటున్నాం.

కాకినాడ

జగన్నాథపురం వంతెన మీదికెక్కాక సుజాత ముందుకు వంగింది. "వదినా, ఆగిపోయినా పర్లేదు. ఇక్కణ్ణుంచి పరిగెత్తగలను."

పరిగెత్తాల్సిన పని లేకపోయింది. ఆఫీసు గేటు ముందు కారు ఆపాను. లోపల పేర్లు పిలుస్తున్నారు. సుజాత చెప్పులు సరిగ్గా వేసుకోకుండానే దిగి లోపలికి పోయింది. రావాల్సిన వాళ్ళలో చాలామంది రాలేకపోయారని గేటు దగ్గర చెప్పుకుంటున్నారు. వాళ్ళను తలుచుకుంటే ఇప్పటికీ నాకు మనసు బాగోదు. వాళ్ళలో ఎవరి కష్టం తక్కువ?

కారును చెట్టునీడకు జరుపుదామని తాళం తిప్పాను. దగ్గింది. మళ్ళీ తిప్పాను. దగ్గను కూడా లేదు.

మధ్యాహ్నానికి సుజాత బయటికొచ్చింది. చేతిలో పోస్టింగు కాగితం. వాళ్ళ ఊరికి సైకిలు మీద పోయేంత దూరంలోనే స్కూలు. నన్ను పట్టుకుని అప్పుడు ఏడ్చింది, పొద్దుట్నుంచీ దాచుకున్నదంతా. నేనూ ఏడ్చాను. మా ఆయన మాత్రం కారు నాలుగద్దాలూ దించి, ముందు సీట్లో జారగిలబడి గాలి పీల్చుకుంటున్నారు.

ఆ రాత్రి కాజాలు తింటూ మా ఆయన అడిగారు, "నిజం చెప్పు, గెలలు దించినందుకేనా మనం చేరింది?"

ఏమో. నేను కొలిచి చూడలేదు. కోనసీమ గట్టు రోడ్ల మీద నలభైలో పోయినంతసేపూ గెలలున్నా పెద్ద తేడా ఉండేది కాదేమో. వంతెన దగ్గర్నుంచి మాత్రం అవి ఉంటే చేరి ఉండేవాళ్ళం కాదని నా నమ్మకం. తాళం తిప్పితే దగ్గిన ఆ దగ్గే నా సాక్ష్యం.

రెండు రోజులకు పెట్రోలు వచ్చింది. సెలవులు అయిపోయాయి. సుజాతను వాళ్ళ బంధువుల జీపులో పంపి, మేం అటునుంచి అటే హైవే పట్టుకుని అనంతపురం వచ్చేశాం. వెంకాయమ్మ గారికి వెళ్ళొస్తామని చెప్పనే లేదు. ఆవిడ గడప ఖాళీగా దాటామన్నది నన్ను ముల్లులా గుచ్చుతూనే ఉంది.

మా ఇంటి ముందు

బడులు తెరిచిన కొన్నాళ్ళకు ఒక పొద్దున్న మా వీధి మొదట్లో లారీ హారన్ మోగింది. కడియం లారీ. డ్రైవరు దిగి, "సత్తిరాజు గారి కోడలు గారిల్లు ఇదేనాండి?" అన్నాడు. వెనకనుంచి ఇద్దరు మనుషులు ఒక పెద్ద మూట దించారు. అడుగున మా క్యారియర్, దాని మీద గోనెపట్టాలో కుట్టేసిన సరుకు.

"అయినవిల్లి నుంచి వెంకాయమ్మ గారు కడియానికి పంపించారండి. కొబ్బరికాయలు, పచ్చి అరటి గెల, తాండ్ర, మొక్కలు. సున్నుండలు కూడా ఉన్నాయండి, కోడలు గారు బళ్ళో చేరిన రోజున చేసినవంట."

నేను మూట వైపే చూస్తున్నాను. గెలను నిలబెట్టలేదు, పొడుగ్గా పడుకోబెట్టారు. ముందువైపు గోనెను నున్నగా, గుండ్రంగా లాగి కుట్టారు. వెనక్కి పోయేకొద్దీ సన్నం చేసి, చివర తోకలా ముడి వేశారు. ఆవిడ వాకిట్లో నేను గీసిన ముగ్గు అది, ఏమీ తేడా లేదు.

"విప్పకుండా కారు మీద కట్టుకుని, ఊరంతా ఓసారి తిప్పమన్నారండి" అన్నాడు డ్రైవరు. "ఇప్పుడు గాలికి అడ్డం రాదు, ఖాళీ బండి అన్న మాటా రాదని చెప్పమన్నారు."

మా ఆయన సలహా ఏదో ఇవ్వబోయారు. నేను వినకుండా పానా తెచ్చి క్యారియర్ బిగించాను. మూటతో సహా హైవే ఎక్కాను. మా ఊరి ఆషాఢం గాలి, చిన్నప్పటి నా శత్రువు, ఎదురొచ్చింది. వేగం పెంచి, కిటికీ అద్దం దించి చెవి పెట్టాను. ఈల లేదు.